ఓయాసిస్: ఇంగ్లండ్, స్కాట్లండ్ తవ్వకాల నివేదికలకు ఉమ్మడి సూచిక

ఇంగ్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ పురావస్తు తవ్వకం చేపట్టినవారు తాము ఎక్కడ తవ్వారో, ఎందుకు తవ్వారో, ఏం దొరికిందో, నివేదికా దొరికిన వస్తువులూ చివరికి ఎవరి దగ్గరికి చేరాయో నమోదు చేయడానికి వాడే ఆన్‌లైన్ సూచిక పేరు ఓయాసిస్. యార్క్ విశ్వవిద్యాలయంలోని ఆర్కియాలజీ డేటా సర్వీస్ దీన్ని నడుపుతోంది. వారసత్వ సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్, హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ సంస్థలు ఇందుకు అండగా ఉన్నాయి. నివేదికలు చదవడానికి రుసుము లేదు, ఖాతా తెరవనక్కరలేదు. నమోదు చేసేవారికి మాత్రమే ఖాతా కావాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సూచికగా దీనికి సాటి రాగలవి తక్కువే. కానీ తవ్వకపు రికార్డులనే ఇక్కడ పంచుకుంటున్నారని ఆశించి వచ్చేవారిని ఇది సగం దారి వరకే తీసుకువెళుతుంది. ఆ సగం దారి ఎంత విలువైనదో, మిగిలిన సగం ఎందుకు మిగిలిపోయిందో వివరంగా చూడవలసిన విషయాలు.

ఇలాంటి సూచిక ఎందుకు అవసరమైందో తెలియకపోతే దాని విలువ అంచనాకు అందదు. 1990 నవంబరులో ఇంగ్లండ్‌కు పీపీజీ 16 అనే ప్రభుత్వ మార్గదర్శక పత్రం వెలువడింది. కొత్త కట్టడాలకు అనుమతి ఇచ్చేటప్పుడు నేలలో దాగి ఉన్న అవశేషాలను లెక్కలోకి తీసుకోవాలని, వాటిని ఉన్నచోటనే కాపాడడం కుదరకపోతే తవ్వి నమోదు చేయించే బాధ్యతా ఖర్చూ కట్టడం చేపట్టినవారివేనని దాని సారాంశం. ఆ తరువాత తవ్వకాల సంఖ్య అమాంతం పెరిగింది. అంతవరకు పేరున్న తవ్వకాలంటే విశ్వవిద్యాలయాలు వేసవిలో చేసేవే ఎక్కువగా గుర్తుకు వచ్చేవి. అప్పటినుంచి ఇళ్ల స్థలాలు, రోడ్లు, కంకర క్వారీలు, గ్యాసు గొట్టాల దారులు అసలు పనిచోట్లు అయ్యాయి. 2010లో పీపీఎస్ 5, 2012లో జాతీయ ప్రణాళికా విధాన చట్రం ఆ పత్రం స్థానంలోకి వచ్చినా మూలసూత్రం మారలేదు. పైగా సేకరించిన ఆధారాలు ప్రజలకు అందుబాటులో ఉండాలన్న మాట ఆ విధాన చట్రంలో స్పష్టంగానే ఉంది.

ప్రతి పనికీ ఒక నివేదిక తయారయ్యేది. కట్టడం యజమానికి ఒక ప్రతి, ప్రణాళికా విభాగానికి ఒక ప్రతి, కౌంటీ రికార్డు కార్యాలయానికి ఒక ప్రతి వెళ్లేవి. ఆ తరువాత అది స్పైరల్ బైండింగుతో అల్మారాలో నిలబడిపోయేది. అది అచ్చయిన పుస్తకం కాదు, పత్రికలో వచ్చిన వ్యాసం కాదు, గ్రంథాలయ సూచీలో దాని పేరు ఉండేది కాదు. ఈ అచ్చుకాని నివేదికలకు ఆ వృత్తిలో ‘గ్రే లిటరేచర్’ అన్న పేరు స్థిరపడింది. రెడింగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రిచర్డ్ బ్రాడ్లీ బ్రిటన్, ఐర్లండ్‌ల పూర్వచరిత్రను మళ్లీ రాయడానికి పూనుకున్నప్పుడు తవ్వకపు సంస్థల దగ్గరికీ కౌంటీ కార్యాలయాలకూ తిరిగి ఈ నివేదికలు చదవవలసి వచ్చింది. అచ్చులో కనిపించే పూర్వచరిత్రకూ అల్మారాల్లో ఉన్న పూర్వచరిత్రకూ ఎంత దూరం ఉందో ఆ పని బయటపెట్టింది. 1990 నుంచి 2010 వరకు జరిగిన పనుల జాబితాను బోర్న్‌మత్ విశ్వవిద్యాలయం ఒక ప్రత్యేక పథకం కింద కూడగట్టింది. అయితే ఎవరో ఒకరు వెళ్లి సేకరించుకు రావడమే దాని పద్ధతి. ఓయాసిస్ ఆ బాధ్యతను తిరగవేసింది: తవ్వినవాడే తన పనిని తానే నమోదు చేయాలి. ఈ ఒక్క మార్పులోనే దీని బలం ఉంది, కొన్ని బలహీనతలూ ఉన్నాయి.

నమోదు చేసేవారి వైపు నుంచి మొదలుపెడదాం. పని పూర్తయి నివేదిక చేతికొచ్చాక తెరిచే ఫారం కాదిది; నేలలో పార దిగకముందే, పని ప్రణాళిక రాసే దశలోనే తెరవవలసినది. తెరిచిన వెంటనే ఆ పనికి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. తవ్వకపు సంస్థ పేరు పొట్టిరూపం, ఒక అడ్డగీత, తరువాత అంకెలు, అంతే. ఆ సంఖ్య నివేదిక మొదటి పుటల్లో ఉండాలని ఇప్పుడు చాలా కౌంటీలు షరతు పెడుతున్నాయి. ఆపై పని స్వభావం చెప్పాలి: కాగితాల మీద జరిగిన పరిశీలనా, భూభౌతిక సర్వేనా, పరీక్ష ట్రెంచులా, పూర్తి తవ్వకమా, నిర్మాణపు పనులు సాగుతుండగా పక్కన నిలబడి గమనించడమా, పాత భవనాన్ని కొలిచి బొమ్మలు గీయడమా. ప్రణాళికా దరఖాస్తు సంఖ్య కూడా ఇక్కడే చేరుతుంది. పని ఎవరు, ఎందుకు చేయించారో ఏళ్ల తరువాత తెలుసుకోవాలంటే అదే ఆధారం.

స్థలాన్ని గుర్తించే భాగం నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. బ్రిటన్‌లో దేన్నయినా జాతీయ గ్రిడ్ మీద రెండు అక్షరాలు, కొన్ని అంకెలతో చెప్పడం అలవాటు. స్టోన్‌హెంజ్ అంటే ఎస్‌యూ 122 422. ఆరంకెల గ్రిడ్ సంఖ్య సూచించేది 100 మీటర్ల భుజం గల చతురస్రాన్ని. ఎనిమిదంకెలైతే 10 మీటర్లు, పదంకెలైతే ఒక మీటరు. ఒక రాతి కట్టడానికి ఆరంకెలు సరిపోవచ్చు గాని, ఒకే పొలంలో వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు సంస్థలు తవ్విన ట్రెంచులను విడదీయడానికి ఒక చుక్క చాలదు. 2020ల తొలి ఏళ్లలో వాడుకలోకి వచ్చిన ఓయాసిస్ ఐదో రూపంలో పటం మీద నేరుగా హద్దు గీయవచ్చు, లేదా సర్వేయరు ముందే తయారుచేసిన షేప్‌ఫైలు (స్థలపు హద్దులుండే పటపు ఫైలు) ఎక్కించవచ్చు. తవ్విన మేర ఎంతో, అనుమతి కోరిన స్థలం ఎంతో పక్కపక్కనే కనిపించడం చిన్న సౌకర్యంలా అనిపిస్తుంది. పక్క పొలంలో తరువాత తవ్వబోయేవారికి మాత్రం అది పని ప్రణాళికనే మార్చేసేంత సమాచారం.

కాలం, కట్టడం, వస్తువు నింపే గళ్లలో ఇష్టం వచ్చిన మాట రాయడం కుదరదు. ఉమ్మడి పదకోశాల నుంచి ఎంచుకోవాలి. ఇంగ్లండ్‌లో రోమన్ కాలం అంటే 43 నుంచి 410 వరకు, తొలి మధ్యయుగం అంటే 410 నుంచి 1066 వరకు, ఆపై 1540 వరకు మధ్యయుగం. ఈ సరిహద్దులను చరిత్రకారులు తప్పుపట్టవచ్చు, పట్టారు కూడా. 410లో ఒకనాటి పొద్దున కుండలు చేయడం ఆపేసి ఎవరూ కొత్త యుగంలోకి నడిచి వెళ్లలేదు. కానీ వెతికేవారికి హద్దు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇక తొలి మధ్యయుగపు నేలలోకి దించి కట్టిన చిన్న గుడిసెల సంగతి చూడండి. ఒక నివేదికలో గ్రూబెన్‌హౌస్ అని ఉంటుంది, ఇంకొకదానిలో సంకెన్ ఫీచర్డ్ బిల్డింగ్, మరొకదానిలో ఎస్ఎఫ్‌బీ అన్న మూడక్షరాలే ఉంటాయి. నివేదికల పాఠంలో వెతికేవారు ఏ మాట కొడితే ఆ మాట ఉన్నవే దొరుకుతాయి. పదకోశంతో ముడిపడిన సూచికలో అన్నీ ఒకే గూటికి చేరతాయి. ఈ పదకోశాలు లింక్డ్ డేటాగా, అంటే యంత్రాలు చదివి ముడివేసుకోగల రూపంలో, విడిగా కూడా అందుబాటులో ఉండడం వల్ల ఇతర సంస్థల వ్యవస్థలు వాటిని నేరుగా వాడుకోగలవు.

ఇదంతా పనిలో ఉన్నవారికి భారమే. వానలో రోజంతా కందకం తవ్వే పనిని గమనించి, సగం పుట కూడా నిండని సమాచారంతో తిరిగివచ్చిన మనిషికి, గంటసేపు గళ్లు నింపమంటే ఉత్సాహం ఉండదు. పెద్ద సంస్థల్లో ఈ పని చూసే మనిషి వేరుగా ఉంటారు. ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న సంస్థల్లో అది శుక్రవారం సాయంత్రానికి మిగిలిపోయే పని. తవ్వినవాడే నమోదు చేయాలన్న సూత్రానికి ఉన్న బలహీనత ఇదే: నమోదు నాణ్యత నింపినవారి ఓపికను బట్టి ఉంటుంది. ఒకరు దొరికిన ప్రతి గుంటకూ కాలం రాస్తే, మరొకరు ‘రోమన్, గుంట’ అని ఒక్కమాటతో ముగిస్తారు. రెండూ పూర్తయిన ఫారాలే.

దీనికి అడ్డుకట్టగా కౌంటీ స్థాయిలో హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్ అనే కార్యాలయాలు ఉన్నాయి. వాడుకలో హెచ్‌ఈఆర్ అంటారు. ఇంగ్లండ్‌లో ఇవి 80కి పైగా ఉన్నాయి. తమ ప్రాంతంలో ఫారం తెరవగానే వీరికి తెలుస్తుంది. నివేదిక ఎక్కించాక దాన్ని చూసి సరిచేయమనవచ్చు, తమ స్థానిక రికార్డులోకి తీసుకోవచ్చు. పద్ధతి బాగానే ఉంది. కానీ ఒక్కొక్క కార్యాలయంలో ఒకరిద్దరే పనిచేసే చోట్ల నుంచి పెద్ద బృందాలున్న చోట్ల దాకా వీరి స్తోమత రకరకాలు కాబట్టి, పరిశీలన లోతు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఒక కౌంటీలో రికార్డులు దట్టంగా, పక్క కౌంటీలో పలచగా కనిపిస్తే, ఆ తేడా రెండువేల ఏళ్ల నాటి జనసాంద్రతదని వెంటనే అనుకోకూడదు. అది నేటి కార్యాలయపు సిబ్బంది సంఖ్య కూడా కావచ్చు.

ఇక చదివేవారి వైపు. ఓయాసిస్‌లోకి వచ్చిన నివేదికలు ఆర్కియాలజీ డేటా సర్వీస్ వారి గ్రంథాలయంలో చేరతాయి. ఇప్పటికి పదుల వేల నివేదికలు అలా పోగుపడ్డాయి. ప్రతి నివేదికకూ 10.5284తో మొదలయ్యే శాశ్వత డీఓఐ చిరునామా వస్తుంది. ఈ చిన్న ఏర్పాటు వెనుక పెద్ద తేడా ఉంది. తవ్వకపు సంస్థలు మూతపడతాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, వెబ్‌సైట్లు మార్చుకుంటాయి. వారి సొంత పేజీలో పెట్టిన పీడీఎఫ్ లింకు కొన్నేళ్లకు తెరుచుకోదు. డీఓఐ ఉన్న నివేదికను మాత్రం మరో ముప్పై ఏళ్ల తరువాతి పరిశోధకుడు కూడా అదే చిరునామాతో తెరవగలగాలన్నది ఉద్దేశం. 1996 నుంచి డిజిటల్ భద్రపరచడమే పనిగా పెట్టుకున్న సంస్థ, అందుకు నమ్మదగిన డిజిటల్ నిలయాలకు ఇచ్చే కోర్‌ట్రస్ట్‌సీల్ గుర్తింపు కూడా పొందిన సంస్థ ఆ మాట ఇస్తున్నప్పుడు నమ్మవచ్చుననే నేననుకుంటాను.

వెతకడం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వెతుకులాట ప్రధానంగా ఫారంలో నింపిన వివరాల మీద, సారాంశం మీద ఆధారపడి నడుస్తుంది. నివేదిక 64వ పుటలో ఒక ఎముక దువ్వెన గురించి అద్భుతమైన పేరా ఉన్నా, ఫారంలో దువ్వెన అని ఎవరూ ఎంచుకోకపోతే అది మీకు తగలదు. నివేదికల పాఠంలోంచి కాలాలు, వస్తువులు, ఊర్ల పేర్లు యంత్రం చేత ఏరించే ప్రయత్నాన్ని ఇదే సంస్థ షెఫీల్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2000ల చివరలో ఆర్కియోటూల్స్ అన్న పథకం కింద చేసింది. నేటి భాషా సాధనాలతో ఆ పని మళ్లీ పెద్ద ఎత్తున జరగవలసి ఉంది. అప్పటిదాకా వెతికేవారు ఒక మాటతో ఆగక, కాలం, పని రకం, ప్రాంతం అన్న మూడు దారుల్లోనూ ప్రయత్నించాలి.

ఈ సూచికలో నాకు అత్యంత విలువైనవిగా అనిపించేవి ఏమీ దొరకని తవ్వకాల నమోదులు. పత్రికలు వాటిని వేయవు, మ్యూజియంలు వాటిని ప్రదర్శించవు, అచ్చుకు డబ్బు ఎవరూ ఇవ్వరు. అయినా పటం మీద ఖాళీగా కనిపించే చోటు ఎవరూ తవ్వనందువల్ల ఖాళీనా, తవ్వి చూసినా ఏమీ లేనందువల్ల ఖాళీనా అన్నది తేలనిదే, ప్రాచీన ఆవాసాలు ఎక్కడ దట్టంగా ఉండేవి, ఎక్కడ ఉండేవి కావు అని ఎవరూ చెప్పలేరు. నది ఒడ్డున పది రోమన్ వాడలు, గుట్ట మీద ఒక్కటీ లేదు అన్న వాక్యం రాయాలంటే గుట్ట మీద ఎన్ని ట్రెంచులు తవ్వారో తెలియాలి. ఓయాసిస్ రాకముందు ఆ లెక్క దాదాపుగా ఎవరి దగ్గరా ఉండేది కాదు.

అయితే ‘ఏమీ లేదు’ అన్న మాటను కూడా కొలతతోనే చదవాలి. ఒక హెక్టారు పొలంలో 50 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల పరీక్ష ట్రెంచులు నాలుగు తవ్వారనుకుందాం. అది 400 చదరపు మీటర్లు, అంటే పొలంలో 4 శాతం. మిగిలిన 96 శాతం ఎవరూ చూడలేదు. పొలం ఈ మూల నుంచి ఆ మూలకు సాగే రోమన్ కాలపు కందకాలు ఆ నాలుగు ట్రెంచుల్లో దేనికో ఒకదానికి తగలకుండా తప్పించుకోవడం కష్టం. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే తొలి మధ్యయుగపు గుడిసెల గుంతలు, చిన్న సమాధుల గుంపు, వేటగాళ్లు చెకుముకి రాళ్లు చెక్కుకున్న చోటు మాత్రం ట్రెంచుల మధ్య సుఖంగా దాక్కోగలవు. దున్నకం వల్ల పై పొరలు ఎంత లోతు వరకు పోయాయో, నది తెచ్చిన ఒండ్రు కింద అసలు నేల ఎంత లోతున ఉందో, ట్రెంచు ఆ లోతుకు దిగిందో లేదో నివేదికలోనే ఉంటుంది. సూచిక ఫలితం చూసి ఆగిపోయేవారికి ఇదేదీ కనిపించదు. కాబట్టి సూచిక చెప్పే ‘లేదు’ను నమ్మే ముందు పీడీఎఫ్ తెరిచి ట్రెంచుల పటం చూడడం తప్పనిసరి. ఆ పటం తెరవడానికి రెండు క్లిక్కులు చాలునన్నదే ఈ సేవ చేసిన మేలు.

ఇప్పుడు లోటు సంగతి. తవ్వకం చేసేవారికి రికార్డులంటే నివేదిక కాదు. ప్రతి మట్టిపొరకూ ఒక సంఖ్య వేసి, దాని రంగు, మెత్తదనం, దేని మీద ఉంది, దేని కింద ఉంది అని రాసిన కాంటెక్స్ట్ షీట్లు, చేతితో గీసిన పొరల నిలువు కోత బొమ్మలు, ప్లాన్లు, సర్వే ఫైళ్లు, వందల ఫొటోలు, కుండ పెంకుల పట్టికలు, మట్టి నమూనాల్లో తేలిన కాలిన గింజల లెక్కలు. నివేదిక వీటి సారం. ఓయాసిస్‌లోకి వచ్చేది ఆ సారమే, అదీ పీడీఎఫ్‌గా. పంట ఇంటికి వచ్చింది గాని గాదెలోకి చేరలేదు.

దీని పర్యవసానం చూడాలంటే ఒక కుండ పెంకుల పట్టిక దగ్గర ఆగితే చాలు. మొదటి వరుసలో పొర సంఖ్య, రెండోదానిలో మట్టి రకానికి వేసిన సంకేతం, మూడోదానిలో పెంకుల సంఖ్య, నాలుగోదానిలో గ్రాముల్లో బరువు, చివర అంచనా కాలం. ఇలాంటి పట్టికలు ఒక లోయలోని నలభై నివేదికల్లో ఉన్నాయనుకోండి. రోమన్ కాలం తొలి రోజుల్లో ఏ కొలిమి సరుకు ఎంత దూరం వెళ్లిందో తేల్చడానికి కావలసిన సమాచారమంతా అక్కడే ఉంది. కానీ పీడీఎఫ్‌లోంచి ఆ పట్టికలను బయటికి తీసేటప్పుడు వరుసలు కలిసిపోతాయి, రెండు పుటలకు విరిగిన పట్టిక తల ఒకచోట, మొండెం ఒకచోట అవుతుంది. చివరికి చేతితో మళ్లీ టైపు చేయడమే మిగులుతుంది. అదయ్యాక మట్టి సంకేతాలు కౌంటీకొక తీరుగా ఉన్నాయని తెలుస్తుంది, వాటిని సరిపోల్చే పట్టిక కోసం మళ్లీ వేట. ఆ పట్టికను తయారుచేసిన నిపుణుడి దగ్గర అది మొదట స్ప్రెడ్‌షీట్‌గానే ఉండి ఉంటుంది కదా అన్నదే ఇక్కడ బాధ కలిగించే విషయం.

మూల డేటాకు దారి పూర్తిగా మూసి ఉందని కాదు. అదే ఆర్కియాలజీ డేటా సర్వీస్‌కు తవ్వకపు డిజిటల్ ఆర్కైవును విడిగా అప్పగించవచ్చు. చాలామంది అప్పగిస్తున్నారు కూడా. దానికి రుసుము ఉంటుంది, ఫైళ్లను నిర్దిష్ట రూపాల్లోకి మార్చి, ప్రతిదానికీ వివరాలు రాసి ఇవ్వాలి. పని ప్రణాళికలోనే ఆ ఖర్చు రాసుకున్నవారికి అది చిక్కు కాదు. రాసుకోనివారికి పని ముగిశాక అడగడానికి ఎవరూ ఉండరు. అమెరికాలో ఓపెన్ కాంటెక్స్ట్, టీడార్ వంటి నిలయాలు డేటానే ముందుపెట్టి నడుస్తున్నాయి. వాటిలో డేటా నాణ్యత ఎక్కువ, కానీ ఒక దేశంలో జరిగే రోజువారీ చిన్న తవ్వకాలన్నిటినీ పట్టుకోవాలన్న లక్ష్యం వాటికి లేదు. పరిశోధక డేటాకు కొలమానంగా 2016లో ప్రచురితమై అందరి నోటా నానుతున్న ఫెయిర్ సూత్రాలు వెతికితే దొరకడం, దొరికింది తెరుచుకోవడం, ఇతర డేటాతో కలవడం, మళ్లీ వాడుకోగలగడం అన్న నాలుగింటిని కోరతాయి. ఓయాసిస్ మొదటి రెండింటిలో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. మూడోదానిలో పదకోశాల పుణ్యాన గట్టెక్కుతుంది. నాలుగోదాని దగ్గర పీడీఎఫ్ అడ్డం వస్తుంది.

వస్తువుల విషయంలో ఐదో రూపం ఒక తెలివైన పని చేసింది. మ్యూజియంలను కూడా ఈ సూచికలోకి తీసుకువచ్చింది. ఇంగ్లండ్‌లో చాలా మ్యూజియంలలో స్థలం లేదు. కొన్ని ప్రాంతాల్లో పురావస్తు సేకరణలను తీసుకునే మ్యూజియమే లేదు. అందువల్ల తవ్వకపు సంస్థల గోదాముల్లో పెట్టెలు ఏళ్ల తరబడి పడి ఉంటున్నాయన్నది ఆ వృత్తిలో అందరికీ తెలిసిన సమస్య. తమ ప్రాంతంలో ఏ తవ్వకం నుంచి సేకరణ రాబోతోందో ముందే మ్యూజియంకు తెలియడం, చేరాక ఎక్కడ చేరిందో అదే రికార్డులో కనిపించడం వల్ల గోదాము సమస్య తీరదు. కానీ ఒక కుండను కళ్లారా చూడాలనుకునే పరిశోధకుడు పది ఫోన్లు చేయవలసిన అవసరం తప్పుతుంది.

స్థలపు వివరాలు బయటపెట్టడం దొంగలకు దారి చూపడమే కదా అన్న ప్రశ్న న్యాయమైనది. రాత్రిపూట మెటల్ డిటెక్టర్లతో పొలాల్లోకి చొరబడే దొంగతనం ఇంగ్లండ్‌లో కొత్త కాదు. సంరక్షిత స్మారక స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడం 1979 చట్టం ప్రకారం నేరమైనా అది ఆగలేదు. ప్రజలు యాదృచ్ఛికంగా కనుగొన్న వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకం అందుకే సాధారణ పాఠకులకు కిలోమీటరు చతురస్రం మేరకే స్థలం చూపిస్తుంది. ఓయాసిస్ పరిస్థితి వేరు. ఇక్కడ చాలా స్థలాలు తవ్వకం ముగిసేసరికి ఇళ్ల కిందో రోడ్డు కిందో పోయి ఉంటాయి, కాపాడడానికి అక్కడ మిగిలింది తక్కువ. పరీక్ష ట్రెంచులు తవ్వి, మిగతాది నేలలోనే వదిలేసిన చోట్ల మాత్రం జాగ్రత్త అవసరం. అలాంటి నివేదికను కొంతకాలం బయటపెట్టకుండా ఆపుకునే వీలు ఉండడం సబబే.

ఆ వీలు దుర్వినియోగం కాకుండా చూడడం వేరే సంగతి. వ్యాపార రహస్యం పేరుతో, ప్రణాళికా దరఖాస్తు తేలలేదన్న పేరుతో ఆలస్యాలు సాగుతుంటాయి. తమాషా ఏమిటంటే అదే నివేదిక స్థానిక పాలక సంస్థ ప్రణాళికా వెబ్‌సైటులో దరఖాస్తు పత్రాల మధ్య అప్పటికే ఎవరైనా తెరవగలిగేలా ఉండవచ్చు. అక్కడ వెతికి పట్టుకోవడం మాత్రం దరఖాస్తు సంఖ్య తెలిసినవారికే సాధ్యం.

స్కాట్లండ్ సంగతి క్లుప్తంగా. అక్కడ ప్రతి సంవత్సరం జరిగిన పనుల సారాంశాలను ‘డిస్కవరీ అండ్ ఎక్స్‌కవేషన్ ఇన్ స్కాట్లండ్’ అన్న వార్షిక సంచికలో ప్రచురించే సంప్రదాయం ఉంది. ఓయాసిస్‌లో నింపిన సారాంశమే దానికీ పనికివస్తుంది, అంటే ఒకే శ్రమకు రెండు ఫలితాలు. ఇంగ్లండ్‌లోని చిన్న సంస్థలకు ఇలాంటి ప్రతిఫలం కంటి ముందు ఉంటే ఫారాలు ఇంకొంచెం శ్రద్ధగా నిండేవని నాకనిపిస్తుంది. స్కాట్లండ్ జాతీయ రికార్డుకు ఎన్నో ఏళ్లు ముఖద్వారంగా ఉన్న కాన్‌మోర్ 2025లో ఆగిపోయి దాని స్థానంలో ట్రోవ్ వచ్చింది కాబట్టి పాత వ్యాసాల్లోని కాన్‌మోర్ లింకులు పట్టుకుని వెళ్లేవారు ఈ మార్పు గుర్తుంచుకోవాలి.

స్వచ్ఛంద బృందాలకు, ఊరి చరిత్ర సంఘాలకు కూడా ఈ ఫారం తెరిచే ఉంది. ఖర్చు లేదు కాబట్టి వారు వాడుకోకపోవడానికి కారణం లేదు. వృత్తి సంస్థల మాటల్లో రాసిన గళ్లు వారిని బెదరగొడుతున్నాయన్నది నిజం. పని రకానికి తగిన ప్రశ్నలే ముందుకు వచ్చేలా, ప్రతి గడి పక్కనా ఒక నింపిన ఉదాహరణ కనిపించేలా ఉంటే ఈ భయం చాలావరకు పోతుంది.

ఇంత పోగుచేసి ఏం సాధించారని అడిగేవారికి చూపదగిన పని ఒకటుంది. రోమన్ కాలపు బ్రిటన్‌లోని గ్రామీణ ఆవాసాలపై రెడింగ్ విశ్వవిద్యాలయం, కాట్స్‌వోల్డ్ ఆర్కియాలజీ అనే తవ్వకపు సంస్థ, ఆర్కియాలజీ డేటా సర్వీస్ కలిసి చేసిన పరిశోధన ఈ రకం అచ్చుకాని నివేదికల మీద కూడా నిలబడింది. దాని డేటా 2015 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. విల్లాలూ పట్టణాలే రోమన్ బ్రిటన్ అన్న పాత చిత్రం పక్కన, సాధారణ రైతుల ఇళ్లు, దొడ్లు, ధాన్యం ఆరబెట్టే పొయ్యిలు, ప్రాంతానికొక తీరుగా సాగిన జీవితం అందులో కనిపిస్తాయి. అయితే ఆ డేటాబేసు యంత్రం దానంతటది ఏరుకున్నది కాదు. పరిశోధకులు నివేదికలు ఒక్కొక్కటే చదివి, వివరాలు ఏరి, చేతితో నింపినది. సూచిక వారికి నివేదికలను చూపించగలిగింది; పట్టికలను అందించలేకపోయింది. ఐరోపా స్థాయిలో అరియాడ్నే పోర్టల్ అనేక దేశాల రికార్డులతో పాటు ఈ సంస్థ రికార్డులనూ ఒకేచోట వెతికే వీలు కల్పిస్తోంది. అక్కడికి వెళ్లినా చివరికి చేరేది అదే నివేదిక దగ్గరికి.

కొత్తగా వాడబోయేవారికి రెండు మూడు సూచనలు. ఉదాహరించేటప్పుడు డీఓఐతో పాటు ఓయాసిస్ సంఖ్యనూ రాయండి. ఒకే తవ్వకానికి మధ్యంతర నివేదిక, తుది నివేదిక వేర్వేరు డీఓఐలతో ఉండవచ్చు, వాటిని కలిపి ఉంచేది ఆ సంఖ్యే. స్ప్రెడ్‌షీట్ కావాలనిపిస్తే నివేదిక వెనుక పుటల్లో ఆర్కైవు ఎక్కడ చేరుతుందో రాసి ఉంటుంది. ఆ మ్యూజియంకో, తవ్విన సంస్థకో, ఆ పట్టిక తయారుచేసిన నిపుణుడికో ఉత్తరం రాస్తే తరచుగా పంపిస్తారు. ఇక 1990కి ముందు జరిగిన తవ్వకాల కోసం ఇక్కడ ఎక్కువసేపు వెతక్కండి. వాటిలో కొన్ని తరువాత ఎక్కించినవి ఉన్నా, పాత పనులకు ముందుగా వెళ్లవలసింది ఇంగ్లండ్ రికార్డులను ఒకేచోట వెతకనిచ్చే హెరిటేజ్ గేట్‌వే వెబ్‌సైటుకి, అక్కడ దొరకకపోతే నేరుగా ఆ కౌంటీ హెచ్‌ఈఆర్ కార్యాలయానికి.